మందు నిచ్చువాని మాట

మన యిండ్లలో వైద్యుని పేరు తెలియనివారుండరు. ఆయన యే వీధిలో నుండునో, ఏ వేళకు రోగులను చూచునో, ఆయన హస్తవాసి యెట్టిదో పిల్లలు సహితము చెప్పగలరు. అయితే ఆయన వ్రాసిన చీటి తీసికొని పోయి మనము చేయి చాపునది మరియొకరి యెదుట. ఆ మనుష్యుని పేరు మనలో నెందరికి తెలియును? అతడేమి చదివెనో, అసలు చదివెనో లేదో, మన చేతిలో పెట్టుచున్నదాని గుణదోషము లతనికి తెలియునో తెలియదో మన మెన్నడైన విచారించితిమా? వంకాయలు కొనునప్పుడు పదిమాట లడిగి, నాలుగు త్రిప్పి చూచి గాని బుట్టలో వేసికొనని మనము, ప్రాణముతో సంబంధించిన వస్తువును కొనునప్పుడు మాత్రము నోరు మెదపక పొట్లము తీసికొని వచ్చుచున్నాము.

ఈ విషయమును గూర్చి వ్రాయుటకు మమ్ము పురికొల్పిన చిన్న సంగతిని ముందుగా చెప్పెదము. కొన్ని యేండ్ల క్రిందట మా బంధువులలో నొక వృద్ధురాలు తమ యూరి వైద్యుడు రక్తపుపోటునకు వ్రాసిన బిళ్లలను వాడుచుండెను. ఆమె కుమార్తె యింటికి పోయినప్పుడు అచ్చటి వైద్యుడును బిళ్లలు వ్రాసి యిచ్చెను. రెండు షీట్లమీదను పేర్లు వేరు. బిళ్లల రంగులును వేరు. ఆమె రెంటిని శ్రద్ధతో పదునైదు దినములు మ్రింగెను. ఒకనాటి యుదయమున పెరటిలో కన్నులు తిరిగి పడి మణికట్టు విరుగగొట్టుకొనెను. ఆ బిళ్లల నమ్మిన రెండు దుకాణములలోను ఆమెతో నెవ్వరును మాటాడలేదు. ఆమెయు నెవ్వరి నడుగలేదు. కట్టు కట్టించుకొని వచ్చుచు, నొప్పికి మందు కొనుటకై మూడవ దుకాణమున నాగినప్పుడు, అచ్చట నున్న యొక చిన్నది, "ఇంకా ఏమేం మందులు వాడుతున్నారండీ?" అని యడిగి, సంచిలోని షీట్లు పైకి తీయించి, పెద్ద యక్షరముల క్రింద నున్న చిన్న యక్షరములు చదివి, "మామ్మగారూ, పేర్లే వేరండి, ఈ రెండూ ఒకటే మందు. రెండూ కలిపి వేసుకోకండి. ఇవాళే డాక్టరుగారికి చూపించండి" అని చెప్పెను.

మొదటి రెండు దుకాణములలో లేనిదియు, మూడవదానిలో నున్నదియు నేమి? మందు మూడింటను కలదు. మాట యొక్కదానిలోనే కలదు. ఆ మాట యా చిన్నదాని నోటికి వచ్చుటకు వెనుక నెన్ని శతాబ్దముల చరిత్ర యున్నదో, అది మిగిలిన దుకాణములకు నేల రాలేదో విచారించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

పూర్వకాలమున మందు కూర్చువాడును వైద్యుడును ఒక్కడే. చికిత్సకు నాలుగు పాదములని చరకసంహిత చెప్పుచున్నది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఈ నాలుగింటిలో మందు నిచ్చువానికి వేరు స్థానము లేదు. వైద్యుడు తానే మూలికను గుర్తించి, తానే నూరి, తానే యనుపానము చెప్పి యిచ్చెడివాడు. కావలసిన శొంఠి, పిప్పళ్లు, కరక్కాయలు, వాము మొదలగునవి పచారికొట్టులో దొరకెడివి, నేటికిని దొరకుచున్నవి. వంటకు కావలసిన మిరియములును, మందునకు కావలసిన మిరియములును ఒక్క డబ్బాలోనివే. పచారివాడు సరుకు నమ్మెను గాని చికిత్సకు పూచీ వహింపలేదు.

రోగిని చూచువాడు వేరు, మందు కూర్చువాడు వేరు అను విభాగము మొట్టమొదట బలపడినది అరబ్బు దేశములలో. 9వ శతాబ్ది నాటికి బాగ్దాదు నగరములో మందుల యంగళ్లు ప్రత్యేకముగా నుండెను. వానిని నడపువారిని పరీక్షించు నాచారమును ఏర్పడెను. ఐరోపాలో నీ విభాగమునకు రాజశాసనముచే రూపు నిచ్చినవాడు సిసిలీ రాజ్యమును పాలించిన రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తి. 13వ శతాబ్ది పూర్వార్ధమున నాతడు చేసిన శాసనములలో, వైద్యుడు మందుల వర్తకునితో లాభము పంచుకొనగూడదనియు, మందుల తయారీని రాజోద్యోగులు తనిఖీ చేయవలెననియు, ధరలకు మేర యుండవలెననియు విధింపబడెను. ఇందలి తత్త్వమును మన చదువరులు గమనింపవలెను. మందు వ్రాయువాడే మందమ్మి లాభము పొందునేని, రోగికి కావలసినదానికంటె నెక్కువ మందు వ్రాయు కోరిక వానికి కలుగుట సహజము. ఇద్దరు వేరైనచో ఒకరి నొకరు కనిపెట్టియుందురు. కాబట్టి యీ విభాగము కేవలము పని పంచుకొనుట కాదు. రోగికి రెండవ కావలివాని నిచ్చుట.

ఇంగ్లాండులో నీ కథ మరియొక మలుపు తిరిగినది. లండనులో మందు కూర్చు అపోతికరీలు 1617 వరకును పచారిసరుకుల వర్తకుల సంఘములోనే సభ్యులై యుండిరి. ఆ సంవత్సరము మొదటి జేమ్సురాజు వారికి వేరు సంఘము నేర్పరచెను. 1665లో ప్లేగు లండనును పట్టి పీడించినప్పుడు వైద్యులలో పలువురు పట్టణము విడిచిపోగా, అపోతికరీలలో ననేకులు నిలిచి ప్రజలకు తోడ్పడిరి. ప్రజలు వారినే సలహా యడుగ మొదలిడిరి. వైద్యుల కళాశాలవారికి ఇది సహింపరానిదయ్యెను. రోజ్ అను నొక అపోతికరీ యొక మాంసవిక్రేతకు చికిత్స చేసెనని వారు వ్యాజ్యము తెచ్చిరి. 1704లో ప్రభువుల సభ అపోతికరీ పక్షముననే తీర్పు చెప్పెను. నాటినుండి ఇంగ్లాండులో అపోతికరీలు క్రమముగా సామాన్య జనుల వైద్యులుగా మారిపోయిరి. వారు ఖాళీ చేసిన పీటమీద కెమిస్టులు, డ్రగ్గిస్టులు అను క్రొత్త వర్తకులు వచ్చి కూర్చుండిరి. వీరికి చదువుండవలెనను నియమము లేదు. 1841లో వీరిలో యోగ్యులు కొందరు ఫార్మస్యూటికల్ సొసైటీని స్థాపించి చదువును, పరీక్షలను ఏర్పరచుకొనిరి గాని, అందులో చేరనివాడును దుకాణము పెట్టి విషము నమ్మవచ్చును.

దాని ఫలము 1858లో బ్రాడ్‌ఫర్డు పట్టణమున కనబడెను. ఆ కాలమున చక్కెర ఖరీదు హెచ్చు గనుక మిఠాయి చేయువారు దానిలో జిప్సము పొడిని కలిపెడివారు. ఒక మిఠాయివాడు ఆ పొడికై డ్రగ్గిస్టు దుకాణమునకు మనిషిని పంపెను. యజమాని జబ్బుచేసి పడకమీద నుండెను. పనికి కుదిరి యెంతోకాలము కాని యువకుడు, యజమాని చెప్పిన గుర్తును పట్టుకొని, మూలనున్న పీపాలలో నొకదానినుండి 12 పౌనుల తెల్లపొడి తూచి యిచ్చెను. అది జిప్సము కాదు, పాషాణము. ఆ పొడితో చేసిన పిప్పరుమెంటు బిళ్లలు సంతలో నమ్ముడువోయెను. ఇన్నూరుమందికి పైగా జబ్బుపడిరి. ఇరువదిమంది వరకు మరణించిరి. వారిలో పసిపిల్లలును ఉండిరి. న్యాయస్థానమున నెవ్వరికిని శిక్ష పడలేదు. ఏలయన, వారు మీరినట్టి చట్టమేదియు నప్పటికి లేదు. పది సంవత్సరములు గడచిన పిదప, 1868లో, విషము లమ్ముటయు, మందులు కూర్చుటయు పరీక్షలో కృతార్థులై పేరు నమోదు చేయించుకొన్నవారే చేయవలెనను శాసనము పుట్టెను. ఆ దినమున బల్లవెనుక చదివినవా డొకడుండి, "ఈ పొడి దేనికి?" అని యొక్క ప్రశ్న యడిగియుండినచో నా ప్రాణములు నిలిచియుండెడివి.

ఇక మన దేశమునకు వత్తము. ఇంగ్లీషు వైద్యముతో పాటు మనకు కాంపౌండరు వచ్చెను. ఆతనిని మన తాతలెవ్వరును మరువలేదు. ఆస్పత్రి వసారాలో కిటికీవెనుక నిలుచుండి, సీసాలలోని రంగునీళ్లను కొలగిన్నెతో కొలిచి కలిపి, రోగి తెచ్చుకొన్న సీసాలో పోసి, వేళ కెంత త్రాగవలెనో తెలియుటకై అంచు కత్తిరించిన కాగితపు పట్టీని దానికి అంటించి యిచ్చెడివాడు. వీరిలో పెక్కండ్రు ఏ కళాశాలలోను చదివినవారు కారు. పెద్ద కాంపౌండరు చేతిక్రింద చూచి నేర్చుకొన్నవారు. ఓపికయు, నిజాయితియు గలవా రందులో నెందరో యుండిరి. కాని వారి నేర్పునకు పరీక్షయు, వారు కలుపు ద్రవ్యములకు తనిఖీయు లేకుండెను.

సరుకుయొక్క స్థితి మరింత చెడ్డది. చలిజ్వరమునకు ముఖ్యౌషధమైన క్వినైను సహితము బజారులో కల్తీయై వచ్చుచుండెను. దీనినిగూర్చి శాసనసభలలో మొర పెట్టుకొనగా, 1930లో ప్రభుత్వము రామ్‌నాథ్ చోప్రాగారి యధ్యక్షతను మందుల విచారణసంఘము నొకదానిని నియమించెను. 1931లో నా సంఘము సమర్పించిన నివేదిక రెండు పనులు చేయుమని కోరెను: మందు మంచిదో కాదో పరీక్షించు చట్టము చేయుమనుట యొకటి, మందు నిచ్చువానికి చదువును, నమోదును విధించు చట్టము చేయుమనుట రెండవది. మొదటిది తొమ్మిది సంవత్సరములకు, 1940లో, మందుల చట్టముగా వచ్చెను. రెండవది పదునేడు సంవత్సరములకు గాని రాలేదు. అది 1948 నాటి ఫార్మసీ చట్టము. వస్తువును బాగుచేయుటకు చూపిన త్వర మనుష్యుని బాగుచేయుటలో మనవారు చూపలేదు. ఈ రెంటి నడుమ నున్న యెడమే నేటికిని మన దుకాణములలో కనబడుచున్నదని మాకు తోచుచున్నది.

చట్టము రాకమునుపే చదువునకు పూనుకొన్న మహనీయుడు మహాదేవలాల్ ష్రాఫ్. ఆయన కృషివలన కాశీ హిందూ విశ్వవిద్యాలయమున 1932లో ఔషధరసాయన విద్య మొదలయ్యెను. 1937లో నది మూడేండ్ల పట్టపు చదువుగా రూపొందెను. తెలుగునాట ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1951లో విశాఖపట్టణమున ఫార్మసీ శాఖను స్థాపించెను. 1948 చట్టములోని 42వ విభాగము, నమోదైన ఫార్మసిస్టు తప్ప మరియెవ్వరును వైద్యుని చీటిపై మందు కూర్చుటగాని యిచ్చుటగాని కూడదని స్పష్టముగా చెప్పినది. అంతవరకు పనిచేయుచున్న కాంపౌండర్లను వీధిపాలు చేయక, అనుభవమును బట్టి తొలి పట్టికలో వారికి చోటిచ్చినది. అది న్యాయమైన సర్దుబాటే.

అయితే కాలము మనతో పరిహాసమాడినది. మందు కూర్చువానికి చదువు చెప్పుటకు మనము పూనుకొన్న దినములలోనే మందు కూర్చుట యను పనియే దుకాణమునుండి మాయమగుచుండెను. కర్మాగారములు బిళ్లలను, గొట్టములను, సూదిమందులను సిద్ధము చేసి డబ్బాలతో పంపసాగెను. కల్వము మూలబడెను, త్రాసునకు తుప్పు పట్టెను. నాలుగేండ్లు చదివినవానికి మిగిలిన పని అరలోనుండి డబ్బా తీసి యిచ్చుట. అట్టి పనికి చదువెందులకను ప్రశ్న సర్వత్ర పుట్టినది.

ఆ ప్రశ్న యందరికంటె ముందుగా అమెరికాలో తీవ్రమయ్యెను. అచ్చటి ఫార్మసిస్టుల సంఘము 1952లో ప్రకటించిన ధర్మసూత్రములు చదివినచో మన చదువరు లాశ్చర్యపడుదురు. వైద్యుని చీటిలోని మందు దేనితో చేయబడినదో, అది యేమి పని చేయునో ఫార్మసిస్టు రోగితో ముచ్చటింపరాదని యందు విధించిరి. రోగి యడిగినను వైద్యునివద్దకు పంపవలెనే గాని తాను చెప్పరాదు. అనగా నిన్నియేండ్లు చదివించి, పిదప నోటికి తాళము వేసిరి. ఇది దుర్బుద్ధితో చేసినది కాదు. వైద్యునికిని రోగికిని నడుమ నున్న నమ్మకమును చెరుపకూడదని చేసినది. కాని యా మౌనముయొక్క మూల్యమును చెల్లించినవాడు రోగియే. ఈ నియమమును వారు 1969లో తొలగించిరి.

తాళము తీసిన చేతులు కొన్ని గలవు. వర్జీనియా రాష్ట్రమున బెర్రీవిల్ అను చిన్న యూరిలో యూజీన్ వైట్ అను ఫార్మసిస్టు 1960లో తన దుకాణమునుండి శీతలపానీయముల బల్లను, ఇతర సరుకును తీసివేసి, దానిని వైద్యుని గదివంటి శాంతమైన చోటుగా మార్చెను. వచ్చిన ప్రతి కుటుంబమునకు నొక పత్రము పెట్టి, ఎవరే మందు వాడుచున్నారో, ఎవరికేది పడదో దానిలో వ్రాయసాగెను. నేడు సామాన్యముగా తోచు నీ పని యానాడు క్రొత్త. మా బంధువురాలి రెండు షీట్లు అట్టి పత్రములోనికి ఎక్కియుండినచో రెండవ దుకాణములోనే దొరకిపోయెడివి. 1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయపు ఆస్పత్రి తొమ్మిదవ యంతస్తులో ఫార్మసిస్టులను నేలమాళిగలోని గిడ్డంగినుండి రోగుల పడకల దాపునకు తెచ్చి, వైద్యులతో కూడ పనిచేయించిరి. 1990లో హెప్లర్, స్ట్రాండ్ అను నిద్దరు పండితు లీ మార్పు కొక సిద్ధాంతరూప మిచ్చిరి. వారి మతమున ఫార్మసిస్టు బాధ్యత మందు చేతి కిచ్చుటతో తీరదు. ఆ మందువలన రోగికి మేలు కలిగినదా లేదా యనుటకు కూడ నతడు పూచీ పడవలెను. అదే సంవత్సరము అమెరికా ప్రభుత్వము చేసిన చట్టము, బీదలకై నడపు వైద్యసహాయ పథకమున మందు తీసికొనువారికి సలహా చెప్పుటకు ఫార్మసిస్టు ముందుకు రావలెనని విధించెను. అది 1993 నుండి యమలులోనికి వచ్చెను. నలువది సంవత్సరములలో మాటాడరాదన్న శాసనము మాటాడవలెనను శాసనముగా మారినది.

మాట మంచిదనుట సులభము. దానివలన మేలు కలిగినదని చూపుట కష్టము. ఇటీవలి పరిశోధనలు చేయుచున్న దీ పనియే. కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రమున రక్తపుపోటు అదుపు తప్పిన 248మందిపై జరిగిన పరీక్షాఫలములు 2015లో వెలువడెను. మందు మార్చి వ్రాయు నధికారము గల ఫార్మసిస్టుల చేతిలో నున్నవారికి పోటు సగటున 18.3 తగ్గగా, సాధారణ పద్ధతిలో నున్నవారికి 11.8 తగ్గెను. 2018లో లాస్‌ఏంజిలీసు నగరమునుండి వచ్చిన పరీక్ష మరింత విశేషమైనది. నల్లజాతి పురుషులలో రక్తపుపోటు తీవ్రము. ఆస్పత్రికి పోవుట తక్కువ. వారు తప్పక పోవు స్థలము క్షౌరశాల. కనుక ఫార్మసిస్టులే 52 క్షౌరశాలలకు సంబంధించిన యీ పరీక్షలో భాగముగా క్షౌరశాలలకు పోయి, వైద్యులతో చేసికొన్న యొడంబడిక ప్రకారము పోటు కొలిచి మందు లిచ్చిరి. పాల్గొన్నవారు 319మంది. ఆరు నెలలలో వారి పైపోటు సగటున 27 తగ్గెను. క్షురకుడు మంచిమాట చెప్పి వైద్యునివద్దకు పొమ్మన్న రెండవ వర్గమునకు 9.3 మాత్రమే తగ్గెను. ఇంగ్లాండులో 72 వైద్యశాలలలో జరిగి 2012లో ప్రకటింపబడిన మరియొక పరీక్ష, ఫార్మసిస్టు వైద్యులతో కూర్చుండి చీటీలను పరిశీలించినచో, కడుపుపుండు గలవారికి కీడుచేయు నొప్పిమందులు, ఉబ్బసము గలవారికి పడని మందులు వ్రాయుట వంటి ప్రమాదములు తగ్గునని తేల్చెను.

అయినను సత్యమును సగము చెప్పుట మా పద్ధతి కాదు. 2005లో ఇంగ్లాండునందే ప్రకటింపబడిన యొక పరీక్షలో, ఆస్పత్రినుండి యిండ్లకు వచ్చిన 80 ఏండ్లు పైబడిన వృద్ధులలో కొందరి యిండ్లకు ఫార్మసిస్టులు పోయి మందులను సరిచూచి, తెలియజెప్పి వచ్చిరి. ఆస్పత్రికి మరల పోవువారి సంఖ్య తగ్గునని యందరు నాశించిరి. ఆరు నెలలకు లెక్క చూడగా, ఫార్మసిస్టు పోని వర్గమున 178 పర్యాయములు ఆస్పత్రిలో చేరగా, పోయిన వర్గమున 234 పర్యాయములు చేరిరి. దీనివలన మనము నేర్చుకొనవలసిన దేమి? మాట యెప్పుడును మేలే చేయునని యూహింపరాదు; మందును పరీక్షించునట్లే మాటను కూడ పరీక్షింపవలెను. ఆల్బర్టాలోను, లాస్‌ఏంజిలీసులోను ఫార్మసిస్టు ఒకటి రెండు మారులు పోయి చెప్పి వచ్చినవాడు కాడు. పలుమారులు రోగిని చూచినవాడు, వైద్యునితో కలిసి పనిచేసినవాడు, మందును మార్చు నధికారము గలవాడు.

మన దేశమునుగూర్చిన పరిశోధన యొకటి మాకు మిక్కిలి ఆలోచన కలిగించినది. 2014, 2015 సంవత్సరములలో ఢిల్లీ, ముంబయి, పాట్నా నగరములలోని 622 మందుల దుకాణములకు, రోగులవలె నటించుటకు నేర్పబడినవారిని పంపిరి. కొందరు, రెండు మూడు వారములుగా దగ్గును జ్వరమును ఉన్నవని చెప్పిరి. మరికొందరు అవే బాధలు చెప్పుచు, కళ్లెలో క్షయక్రిములు కనబడినవను పరీక్షాపత్రమును చూపిరి. పత్రము లేనివారి విషయమున, వైద్యునివద్దకు పంపి హానికరమైన మందు లేవియు నీయక సరియైన పని చేసినవారు నూటికి 13 పాళ్లు మాత్రమే. 37 పాళ్లలో యాంటీబయాటికు మందు లిచ్చి పంపిరి. పత్రము చూపినవారి విషయమున సరియైన పని నూటికి 62 పాళ్లకు పెరిగెను. యాంటీబయాటికులు 16 పాళ్లకు తగ్గెను. క్షయమందులను సొంతముగా నిచ్చిన దుకాణ మొక్కటియు లేదు. ఈ ఫలములు 2016లో వెలువడినవి.

ఈ లెక్కలను చూచి దుకాణదారులను నిందించి యూరకుండుట సులభము. మేము వేరొక విధముగా చదువుచున్నాము. అవే దుకాణములు, అవే చేతులు. రోగిని గూర్చిన సమాచారము తెలిసినప్పుడు వారి నడవడి మారినది. అనగా బల్లకు ఆవలినున్న వానిలో వివేకము లేకపోలేదు. బల్లమీదుగా మాట సాగలేదు. అతడడుగలేదు, మనము చెప్పలేదు.

మన చట్టములలో నేడు కొదువ లేదు. 2008లో ఆరేండ్ల ఫార్మ్‌డీ చదువు వచ్చెను. అందు చివరి సంవత్సర మాస్పత్రిలోనే గడపవలెను. తెలుగునాట ననేక కళాశాలలలో నా చదువు కలదు. మా బంధువురాలితో మాటాడిన చిన్నది చదివినదియు నదియే. 2013లో ప్రకటించి 2014 మార్చి నుండి యమలు జరిపిన హెచ్1 పట్టిక, కొన్ని తీవ్రమైన యాంటీబయాటికులను, క్షయమందులను అమ్మునప్పుడు రోగి పేరును, వైద్యుని పేరును పుస్తకములో వ్రాసి మూడేండ్లు దాచవలెనని విధించెను. 2015 నాటి ఫార్మసీ యాచరణ నిబంధనలు, మందు వాడు విధమును రోగికి వివరించుట ఫార్మసిస్టు ధర్మమని స్పష్టముగా వ్రాసినవి. కాని చట్టము కోరిన సర్టిఫికెట్టు గోడమీద వ్రేలాడుచుండగా, దాని సొంతదారుడు వేరొక యూరిలో వేరొక పనిలో నుండి, బల్లవెనుక పదవతరగతి చదువు మానిన కుర్రవాడు నిలుచుండుట మనలో నెవ్వరు నెరుగనిది కాదు. సర్టిఫికెట్టును అద్దెకిచ్చుట యనగా కావలివాడు తన తలపాగాను గుమ్మమున తగిలించి యింటికి పోవుటయే. బ్రాడ్‌ఫర్డులో పీపా తప్పినవాడును అట్టి కుర్రవాడే యని మరువరాదు. వానియందు దోషము లేదు. వానిని నిలిపినవారియందును, అడుగని మనయందును కలదు.

ఇచ్చట నొక యాక్షేపణ రావచ్చును. "మందుల దుకాణము వాడు సలహా చెప్ప మొదలిడినచో వాడే వైద్యుడగును, లాభమునకై లేనిపోని మందు లంటగట్టును" అని. ఇది త్రోసివేయదగిన మాట కాదు. ఫ్రెడరిక్ చక్రవర్తి భయపడినది దీనికే. ఇంగ్లాండులో ఫార్మసిస్టులకు 2006 నుండి మందు వ్రాయు నధికార మిచ్చిరి. 2024 జనవరి నుండి గొంతునొప్పి, చెవిపోటు మొదలగు ఏడు సామాన్యరోగములకు వారే చికిత్స చేయు నేర్పాటు చేసిరి. కాని అచ్చట వారికి దాని కైన ప్రత్యేక శిక్షణయు, ప్రతి రోగమునకును వ్రాతమూలకమైన హద్దులును గలవు. ఆ హద్దులు లేనిచోట ఆ యధికారమును కోరుట తొందరపాటు. మేము కోరునది అంత పెద్దది కాదు. వైద్యుడు వ్రాసినదానిని మార్చుమని మేము చెప్పుటలేదు. దానిని వివరింపుమనియు, సందేహము గలిగినచో వైద్యునికి తెలుపుమనియు మాత్రమే చెప్పుచున్నాము. అమ్ముకొనుటకు చెప్పు మాట వేరు. అమ్మకము మానుకొనియైనను చెప్పు మాట వేరు. "రెండూ వేసుకోకండి" అన్న చిన్నది ఆ దినమున నొక షీటు బేరము పోగొట్టుకొనినది. ఆ మాట నిజమైనదనుటకు అంతకంటె గురుతేమి కావలెను?

మన యిండ్లలో చేయదగినవి కొన్ని గలవు. వీనికి ధనము వ్యయము కాదు. ఇంటిలో ప్రతివారు వాడు మందుల పేర్లను, వ్యాపారపు పేరుతో పాటు దాని క్రింద నున్న అసలు పేరుతో, ఒక కాగితముమీద వ్రాసి యుంచుకొని, వైద్యునికిని మందుల దుకాణములోను చూపవలెను. మందు తీసికొనునప్పుడు, ఇది దేనికి, ఎప్పుడు ఎట్లు వాడవలెను, దీనితో దేనిని కలుపగూడదు అని మూడు ప్రశ్నలు వేయవలెను. "మీలో ఫార్మసిస్టు ఎవరండీ?" అని మర్యాదగా నడుగవలెను. అడుగువారు పదుగురైన నాడు ఆ కుర్చీ ఖాళీగా నుండజాలదు. ఆడపిల్లను ఫార్మసీ చదివించి, పిదప దుకాణములో నిలుచుండుట గౌరవము కాదని యింటిలో కూర్చుండబెట్టు తలిదండ్రులును తమ పట్టుదలను మరల విచారించుకొనవలెను. ఆమె నేర్చినది గోడమీద వ్రేలాడుటకు కాదు.

మా బంధువురాలి మణికట్టు అతుకుకొనినది. కొంచెము వంకర మాత్రము మిగిలినది. ఆమె యిప్పుడు చేతిసంచిలో నాలుగు మడతల కాగిత మొకటి పెట్టుకొని తిరుగుచున్నది. ఏ దుకాణమునకు పోయినను దానిని విప్పి బల్లమీద పరచి, "చూసి చెప్పు నాయనా" అని యడుగుచున్నది. కొందరు విసుగుకొందురు, కొందరు చదువుదురు. చదువని దుకాణమునకు ఆమె మరల పోదు. చికిత్సకు నాలుగు పాదములని పెద్దలు చెప్పిన మాటకు ఆమె తన కాగితముతో నైదవదానిని చేర్చినదని మాకు తోచుచున్నది. మనమును అట్టి కాగిత మొకటి నేటి రాత్రియే వ్రాసికొందము గాక.